మా పెద్దమ్మ వేలిముద్ర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1981లో ఈ బడిలో ఆరో తరగతిలో చేరాను. కొండ మీది ఊరి నుంచి మా నాన్న నన్ను నడిపించుకుని తెచ్చి, హెడ్మాస్టారు గది ముందు నిలబెట్టారు. "పుట్టిన తేదీ?" అని అడిగారు హెడ్మాస్టారు. మా నాన్న ఆలోచించి, "వలిసెలు పూసినప్పుడండి" అన్నారు. ఏ ఏడాది అంటే, "ఆ ఏడు వాన ఎక్కువండి" అన్నారు. హెడ్మాస్టారు నా పళ్ళూ ఎత్తూ చూసి, జూలై 1 అని రాసేశారు. తర్వాత తెలిసింది, మా తరగతిలో సగం మందికి పైగా జూలై 1నే పుట్టామని. నవ్వుతున్న వాళ్ళందరూ జూలై 1 వాళ్ళే అని నాకు తెలుసు.

ఇంటిపేరు విషయమూ అంతే. మనలో కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గొల్లోరి ఉన్నారు. పులి, సూర్యుడు, గద్ద, పాము, కోతి పేరున ఏర్పడిన వంశాలవి. ఇంట్లో మనం ఆదివాసీ ఒడియా మాట్లాడతాం, బళ్ళో తెలుగు రాస్తాం, ఆఫీసులో ఇంగ్లీషులో ఎక్కిస్తారు. మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. మా నాన్న పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, నా టీసీలో మరో రకంగా ఉండేది. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే కాగితాన్ని కాగితంతో పోల్చి చూసేది మనిషి. మనిషికి మా నాన్న తెలుసు.

నిర్వాహకులు నన్ను "ఇతర దేశాల ప్రభుత్వాల కంప్యూటరీకరణకు మన దేశం ఎలా సాయపడుతోంది" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను ఆ రంగంలో పాతికేళ్ళకు పైగా పనిచేశాను కాబట్టి. పెద్ద విషయమే గాని, మనకు అర్థం కావడానికి మన కొండల్లోనే ఒక ఉదాహరణ ఉంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం.

మనలో చాలామంది సెలవులకు ఆ కిరండూల్ ప్యాసింజర్‌లోనే ఇంటికెళ్ళాం. 58 సొరంగాలు లెక్కపెడుతూ ఎప్పుడూ మధ్యలో లెక్క తప్పేవాళ్ళం. ఆ లైను 1960లలో ఎందుకు వేశారు? బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరి, అక్కణ్ణుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు వెళ్ళడానికి. జపాన్ సహకారంతో మొదలైన పథకం అది. రెండు దేశాల మధ్య మంచి ఒప్పందమే. మన కొండల్ని తొలిచారు, పట్టాలు వేశారు, ఖనిజం వెళ్ళింది. అరకు వాళ్ళు రైలెక్కడం కోసం వేసిన లైను కాదు. అయినా ఆ లైను మీద ఒక ప్యాసింజర్ నడిచింది కాబట్టి మన చదువులు సాగాయి, ఆస్పత్రికి దారి దొరికింది.

నా ఉద్యోగ జీవితంలో ఏ దేశంలో ఏ పథకం చూసినా ఈ ప్రశ్న వేసుకుంటాను. ఇది ఖనిజం కోసం వేసిన లైనా, మనుషుల కోసం వేసిన లైనా? మనుషుల కోసమైతే, చివరి స్టేషన్లో బండి ఆగుతుందా?

మొదట మనం సాయం పుచ్చుకున్న రోజులు చెప్తాను. 1990ల చివర నేను హైదరాబాద్‌లో కొత్త ఇంజనీర్ని. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో "కార్డ్" పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. తర్వాత కరెంటు బిల్లు కట్టడానికి ఈ-సేవ కౌంటర్లు వచ్చాయి. రాష్ట్ర సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 2001లో హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఏర్పాటుకు బ్రిటన్ ప్రభుత్వ సహాయ సంస్థ డిఎఫ్‌ఐడి తోడ్పడింది. దాదాపు అదే సమయంలో నార్వే నుంచి ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు చిత్తూరు జిల్లా కుప్పంకు వచ్చారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక ఆరోగ్య కేంద్రాల లెక్కల కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెట్టి చూశారు. నల్గొండలో ఏఎన్‌ఎంల చేతికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చి చూశారు. అవి స్మార్ట్‌ఫోన్లు లేని రోజులు. ఆలోచన చాలా ముందున్నది.

అప్పట్లో నేను కూడా అలాంటి ఒక పనిలో చిన్న ఉద్యోగిని. అది ఏ పథకమో చెప్పను గాని, జరిగింది చెప్తాను. ఏఎన్‌ఎం అమ్మ పగలంతా ఊళ్ళు తిరిగి, రాత్రి రిజిస్టర్లు రాసుకునేది. మేం మిషను ఇచ్చాం. రిజిస్టర్లు తీసేయలేదు. ఆవిడ రిజిస్టర్లూ రాసింది, మిషన్లోనూ ఎక్కించింది. పని తగ్గిస్తామని వెళ్ళి రెట్టింపు చేశాం. ఏడాది తర్వాత మిషన్లు బీరువాలోకి వెళ్ళాయి. విదేశం నుంచి వచ్చిన సలహాదారు వెళ్ళిపోయాడు, నేను వేరే పనిలోకి మారాను, ఆవిడ మాత్రం అదే ఊళ్ళో అదే రిజిస్టరు రాసుకుంటూ ఉండిపోయింది. తెరలు ఎంత బాగున్నా, ఆ పని చేసే మనిషి చేతిలోని పాత పని ఒకటి తీసేయకుండా కొత్తది పెట్టకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

అయితే ఓస్లో వాళ్ళ కథ అక్కడితో ఆగలేదు. ఆ సాఫ్ట్‌వేర్ పెరిగి డిహెచ్‌ఐఎస్-2 అయింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇవాళ డెబ్బైకి పైగా దేశాలు ఆరోగ్య లెక్కలకు దాన్ని వాడుతున్నాయి. 2020 జనవరిలో కరోనా మొదలవుతున్నప్పుడు విమానాశ్రయంలో దిగేవాళ్ళను నమోదు చేసే భాగాన్ని శ్రీలంక వాళ్ళు దాని మీదే తయారుచేసుకున్నారు, తర్వాత ఇతర దేశాలు తీసుకున్నాయి. కుప్పం లాంటి చోట్ల ఏఎన్‌ఎంలు పడ్డ తిప్పలు కూడా అందులో పాఠాలుగా ఉన్నాయి.

ఇక మనం సాయం చేసే రోజులు. 2010 సెప్టెంబరు 29న మొదటి ఆధార్ నంబరు ఇచ్చింది ఢిల్లీలో కాదు, మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లాలోని టెంభ్లి అనే గిరిజన గ్రామంలో. దేశమంతా నమోదయ్యాక చాలా దేశాలు మాకూ ఇలాంటిది కావాలని అడిగాయి. ఆధార్ మన చట్టం కింద, మన ప్రభుత్వం చేతిలో నడిచే వ్యవస్థ. దాన్ని ఎత్తి మరో దేశంలో పెట్టలేం. అందుకని 2018లో బెంగళూరు ఐఐఐటీలో "మోసిప్" అనే వేదిక మొదలైంది. గేట్స్ ఫౌండేషన్, టాటా ట్రస్ట్స్, ఒమిడ్యార్ నెట్‌వర్క్ డబ్బు సాయం చేశాయి. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. మేస్త్రీ ఇల్లు కట్టి తాళం తన దగ్గర పెట్టుకుంటే ఇంటాయన ఎప్పటికీ అతని మీదే ఆధారపడాలి. పేద దేశాలకు పెద్ద కంపెనీలతో అదే ఇబ్బంది. మోసిప్‌లో ఇటుకలు, ప్లాను, తాళం అన్నీ ఆ దేశానివే. ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా లాంటి దేశాలు దాన్ని తీసుకున్నాయి. శ్రీలంక గుర్తింపు పథకానికి మన ప్రభుత్వం 300 కోట్ల రూపాయల గ్రాంటు ఇస్తోంది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశంలో దేశాలన్నీ ఇలాంటి ఉమ్మడి డిజిటల్ వ్యవస్థల గురించి మాట్లాడుకున్నాయి. మన వాళ్ళు గర్వపడ్డారు. నేనూ గర్వపడ్డాను.

కాని నేను ఆ గర్వంతో పాటు మరొకటి మోస్తున్నాను. దాన్ని మీ ముందే చెప్పాలనిపించింది.

2016 సంక్రాంతికి మా ఊరు వచ్చాను. మా పెద్దమ్మ నన్ను పెంచిన మనిషి. మా అమ్మ పోడులో ఉంటే నాకు చోడి అంబలి తాగించి బడికి పంపింది ఆవిడే. పొద్దున్నే సంచి పట్టుకుని డిపోకి బయల్దేరింది, నేనూ వెంట వెళ్ళాను. డిపో దగ్గర సిగ్నల్ లేదు. మిషను పట్టుకుని డీలరు, వెనక మేం పాతిక మందిమి గుట్ట ఎక్కాం. పైన చింతచెట్టు కింద కాస్త సిగ్నల్ వచ్చింది. పెద్దమ్మ వేలు పెట్టింది. కాదంది. తుడిచి పెట్టింది. కాదంది. పది వేళ్ళూ పెట్టింది. జీవితమంతా మట్టి పిసికి, పసుపు తవ్వి, రాళ్ళు ఏరిన చేతులవి. గీతలన్నీ అరిగిపోయాయి. డీలరు మంచివాడు. "అమ్మా, నువ్వు నాకు తెలుసు. మిషనుకి తెలియట్లేదు, నేనేం చెయ్యను? వచ్చే వారం రా" అన్నాడు.

ఖాళీ సంచితో గుట్ట దిగుతూ పెద్దమ్మ నన్నడిగింది. "నువ్వు ఇలాంటి మిషన్లే కదా బాబూ చేస్తావు? నేను నేను కానని అది ఎలా చెప్తుంది?"

నేనేమీ మాట్లాడలేదు. ఎందుకంటే మూడేళ్ళ ముందు వేరే రాష్ట్రపు పథకంలో, వేలిముద్ర కలవకపోతే సరుకు ఆపాలన్న నిబంధన రాసిన బృందంలో నేనున్నాను. కంటిపాపతో చూసే వీలు, తెలిసిన అధికారి సాక్ష్యంతో ఇచ్చే వీలు మొదటి రోజునుంచీ పెడదామని ఒకరు అన్నారు. "దాన్ని దుర్వినియోగం చేస్తారు, తర్వాత చూద్దాం" అన్నది నేనే. దొంగను ఆపాలని పెట్టిన గడియ అది. మా పెద్దమ్మ మీదా పడింది. ఆ రోజు ఇంటి నుంచి బియ్యం పట్టుకెళ్ళి పెద్దమ్మకి ఇచ్చాను. అలా ఇవ్వడానికి మేనల్లుడో కొడుకో లేనివాళ్ళ సంగతి ఏమిటి?

మన తాతల కాలంలో షావుకారు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూములు పోగొట్టారు. దాన్ని ఆపడానికే 1959 నిబంధన, 1970లో 1/70 చట్టం వచ్చాయి. మన వాళ్ళకి వేలిముద్ర అంటే లోపల భయం ఎందుకుందో నగరంలో పుట్టిన నా సహోద్యోగులకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఆ నిబంధన రాశాను.

2022లో సలహా బృందంలో సభ్యుడిగా ఇథియోపియా వెళ్ళాను. వాళ్ళ గుర్తింపు పథకం పేరు "ఫాయిదా". అంటే ప్రయోజనం. మన హైదరాబాద్ వాళ్ళు వాడే మాటే. అడిస్ అబాబా 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది, మన అరకుకు రెండింతలకు పైన. మొదటి రోజే ఇంట్లో ఉన్నట్టనిపించింది. అరబికా కాఫీ పుట్టిల్లు ఆ దేశం. మన తోటల్లో కాసేది దాని బిడ్డే. అక్కడ అతిథి వస్తే పచ్చి గింజలు అతని ముందే వేయించి, దంచి, కాచి, మూడు విడతలుగా చిన్న కప్పుల్లో పోస్తారు. మూడో విడతను "బరక" అంటారు, అంటే దీవెన. ఆ మూడోది తాగకుండా లేవకూడదు. మా అరకులో కూడా కాఫీ పండుతుందని చెప్తే నా చేతులు పట్టుకున్నారు.

పని దగ్గరికి వచ్చేసరికి ఇంకా దగ్గరయ్యారు. వాళ్ళకు ఇంటిపేర్లు లేవు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. ఫారంలో "ఇంటిపేరు" అని గడి పెడితే ఏం రాయాలో తెలియదు. వాళ్ళ క్యాలెండరులో పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్పై రోజుల చొప్పున, చివరి నెలకు అయిదో ఆరో రోజులు. మన లెక్కకు ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. అమ్హారిక్, ఒరోమో, సోమాలి, టిగ్రిన్యా, ఇంకా ఎన్నో భాషలు. పల్లెల్లో పుట్టిన తేదీ అడిగితే ఏ వానకో ఏ పంటకో ముడిపెట్టి చెప్తారు. మా నాన్నే గుర్తొచ్చారు. తెలియని తేదీని తెలిసినట్టు రాయకుండా "ఇది అంచనా" అని గుర్తు పెట్టే వీలు ఫారంలో ఉండాలని నేను పట్టుబట్టాను. జూలై 1 వాణ్ణి కదా!

మూడో రోజు సమావేశంలో నేను మన దేశం అనుభవం మీద స్లైడ్లు చూపిస్తున్నాను. ఎన్ని కోట్ల మంది చేరారు, ఎంత సొమ్ము నేరుగా ఖాతాల్లోకి వెళ్తోంది, అన్నీ నిజమైన లెక్కలే. అయిపోయాక వాళ్ళ బృందంలో ఒక నడివయసు ఆవిడ లేచి అడిగారు. "అంతా బాగుంది. మీ దగ్గర యంత్రం కాదన్నవాళ్ళు ఏమయ్యారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర తయారైన స్లైడు ఒకటి ఉంది. "ప్రత్యామ్నాయ పద్ధతులు ఉన్నాయి" అని. అది అబద్ధం కాదు. కాని నేను ఆ స్లైడు తియ్యలేదు. మా పెద్దమ్మ కథ చెప్పాను. నిబంధన రాసింది నేనేనని కూడా చెప్పాను. పక్కన కూర్చున్న మా బృందంవాళ్ళకు నచ్చలేదు. మన దేశాన్ని తక్కువ చేశానని ఒకరు తర్వాత అన్నారు. నాకైతే, మనం సాయం చేయడానికి వెళ్ళినప్పుడు గెలిచిన కథలే చెప్పి, దెబ్బలు తిన్నచోట్లు దాచిపెడితే, వాళ్ళు అదే దెబ్బ మళ్ళీ తింటారనిపించింది.

ఆ రోజు నుంచి మాట్లాడుకున్నది యంత్రం ఎంత బాగుందో కాదు, కాదన్నప్పుడు ఏం చెయ్యాలో. ఇందులో కొంచెం సాంకేతిక విషయం ఉంది, పిల్లలు కూడా వినండి. గుర్తింపు వ్యవస్థ రెండు ప్రశ్నలు అడుగుతుంది. నమోదప్పుడు, "ఈ మనిషి ఇప్పటికే ఉన్నవాళ్ళలో ఎవరైనానా?" అని అందరితో పోలుస్తుంది. ఇది ఒక్కసారి. తర్వాత బియ్యానికో పింఛనుకో వచ్చినప్పుడు, "నువ్వు నువ్వేనా?" అని ఒక్కరితో పోలుస్తుంది. ఇది జీవితమంతా. మొదటి ప్రశ్నకు వేళ్ళు, కళ్ళు అన్నీ కావాలి. రెండోదానికి వేలు తప్పనిసరి కాదు. ముఖం చాలు, ఫోనుకి వచ్చే అంకె చాలు, అవీ లేకపోతే ఊళ్ళో బాధ్యత గల మనిషి సంతకం చాలు. ఇథియోపియాలో పన్నెండు కోట్ల మందికి పైగా ఉన్నారు. నూటికి ఒక్కరికి తప్పినా పన్నెండు లక్షల మంది. కాగితం మీద ఒక శాతం చిన్న అంకె. గుట్ట దిగేటప్పుడు ఖాళీ సంచి చిన్నది కాదు.

సిగ్నల్ సంగతీ అంతే. మోసిప్‌లో నమోదు చేసే కంప్యూటరు నెట్ లేకుండా పనిచేస్తుంది. వివరాలను తాళం వేసిన పొట్లంలా దాచి, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక పంపుతుంది. మనుషులు గుట్ట ఎక్కనక్కర్లేదు. నమోదు ఒక్కటే కాదు, సరుకు ఇచ్చేచోట కూడా అలాగే ఉండాలని మా నివేదికలో మొదటి పేజీలో రాశాం. 2023 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ఆ పథకానికి 35 కోట్ల డాలర్ల సహాయం ఆమోదించింది. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా యంత్రాలకు, కరెంటుకు, సిబ్బందికి, ఊరూరా తిరగడానికి డబ్బు కావాలి. ఉచితం అన్నమాట విని మోసపోకూడదని కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. దేశాలకు చెప్పిన మాట సొంత ఊరికి చెప్పకపోతే ఎలా?

గురువులకు ఒక మనవి. ఒక పిల్లవాడి పేరు మొదట సరిగ్గా రాసే చోటు మీ అడ్మిషన్ రిజిస్టరే. మిగిలినవన్నీ, ఆధార్ దిద్దుబాటు, కుల ధ్రువపత్రం, స్కాలర్‌షిప్, రేపు ఉద్యోగం, దాన్ని చూసే నడుస్తాయి. చేర్చుకునే రోజున పది నిమిషాలు ఎక్కువ తీసుకోండి. ఇంటిపేరు ఇంట్లో ఎలా పలుకుతారో అడిగి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే తీరుగా రాయండి. తల్లి పేరు తప్పకుండా రాయండి. పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే అది తెచ్చుకునే దారి చెప్పండి. ఇంకెవ్వరికీ జూలై 1 వద్దు. ఆ తేదీకి మేం చాలామందిమి ఉన్నాం, చోటు లేదు.

పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మన సంఘం స్వర్ణోత్సవానికి ఆర్చి కట్టాలా, విగ్రహం పెట్టాలా అని చర్చ జరిగిందని విన్నాను. నా మాట ఇది. సంత రోజున ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్ పెడదాం. మనలో టీచర్లున్నారు, సచివాలయ ఉద్యోగులున్నారు, బ్యాంకు వాళ్ళున్నారు, రిటైరైన వాళ్ళున్నారు. ఒక్కొక్కరం నెలకు ఒక సంత. పేరు తేడా వల్ల పింఛను ఆగినవాళ్ళు, వేలిముద్ర పడనివాళ్ళు, అటవీ హక్కు పట్టాలో ఒక పేరు బ్యాంకు పుస్తకంలో ఒక పేరు ఉన్నవాళ్ళు వస్తారు. ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఏ కాగితం కావాలో చెప్పి, అర్జీ రాసి పంపుదాం. ఒడియా, కువి మాట్లాడగలిగినవాళ్ళు ఆ బల్ల దగ్గర ఒకరైనా ఉండాలి. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఖర్చు మొదటి ఏడాది నేను పెట్టుకుంటాను. మొదటి సంతకు నేనే కూర్చుంటాను. వచ్చే ఏడాది మళ్ళీ కలిసినప్పుడు ఎంతమంది పని అయిందో, ఎంతమందిది కాలేదో రెండూ లెక్క చెప్దాం. కానివాళ్ళ లెక్క ముందు చెప్దాం.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. చివరి రెండేళ్ళు ఆవిడకు కంటిపాప మిషనుతో బియ్యం అందాయి. మొదటిసారి అలా బియ్యం వచ్చిన రోజు నాకు ఫోన్ చేయించింది. "ఇవాళ నన్ను గుర్తుపట్టింది బాబూ" అని. ఆ మాటలో ఆవిడకు సంతోషం, నాకు సిగ్గు. రెండూ నాతో ఉన్నాయి.

ఈ బడిలో నేను చేరిన రోజున నా పేరు అడిగి, రాసుకుని, "లోపలికి రా" అన్నారు. ఏ దేశంలోనైనా ప్రభుత్వం తన మనిషితో అనాల్సింది అదే. దాని కోసమే ఇంత కంప్యూటరు, ఇంత కోడు.